దమ్మిడీ లేనివాడికి దాచుకునే విద్య

ఆర్థిక అక్షరాస్యత అనేది చేతిలో డబ్బు ఆడని వయసులో డబ్బును ఎలా ఆడించాలో నేర్పే శాస్త్రం. పదో తరగతి అయిపోయి కాలేజీ గడప తొక్కబోయే పిల్లల కోసం దీన్ని ప్రత్యేకంగా వండి వడ్డిస్తారు. బడ్జెట్ వేసుకోవడం, పొదుపు చేయడం, చక్రవడ్డీ మహిమ గుర్తించడం, అప్పు చేయవలసి వస్తే ఆలోచించి చేయడం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం ఇందులోని ముఖ్య అధ్యాయాలు. ఈ శాస్త్రమంతా ఒక మూలసూత్రం మీద నిలబడి ఉంది: పేదవాడి ఇబ్బందికి కారణం డబ్బు లేకపోవడం కాదు, డబ్బు గురించి తెలియకపోవడం. ఈ ఒక్కటీ ఒప్పుకుంటే మిగతా పాఠమంతా నల్లేరు మీద బండి నడక. ఒప్పుకోనివాళ్ళు విశాఖలో సింహాచలం కొండ చుట్టూ అడివివరం, గోపాలపట్నం, వేపగుంట వీధుల్లో కావలసినంత మంది ఉన్నారు. వాళ్ళెవరూ పాఠ్యప్రణాళిక కమిటీల్లో లేరు.

ఈ విద్యకు దేశంలో యంత్రాంగం కొరత లేదు. రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా, పింఛన్ల నియంత్రణ సంస్థలు కలిసి జాతీయ ఆర్థిక విద్యా కేంద్రాన్ని నిలబెట్టాయి. 2013లో ఒక జాతీయ వ్యూహం, 2020లో మరొకటి వచ్చాయి. ఆరు నుంచి పదో తరగతి దాకా అభ్యాస పుస్తకాలు తయారయ్యాయి. రాజు అనే కుర్రవాణ్ణీ, డబ్బు కాసే చెట్టునూ పెట్టి రిజర్వు బ్యాంకు ఒక బొమ్మల కథ అచ్చువేసింది. మనీ కుమార్ అనే మరో పాత్ర ద్రవ్య విధానాన్ని కూడా బొమ్మల్లోకి దించాడు. 2019 నాటి జాతీయ సర్వేలో వయోజనుల్లో 27 శాతం మందే ఆర్థిక అక్షరాస్యులని తేలింది. మిగిలిన 73 శాతం మంది పెళ్ళిళ్ళు చేసి, పిల్లల్ని చదివించి, చీటీలు కట్టి, అప్పులు తీర్చి ఇన్నేళ్ళుగా ఎలా నెట్టుకొస్తున్నారన్నది ఈ శాస్త్రానికి ఇప్పటికీ అంతుపట్టని వింత.

రిజర్వు బ్యాంకు 2016 నుంచి ఏటా ఆర్థిక అక్షరాస్యత వారోత్సవం జరుపుతోంది. 2024లో ఆ వారాన్ని ప్రత్యేకించి విద్యార్థులకే అంకితం చేశారు. పొదుపు, చక్రవడ్డీ బలం, విద్యార్థికి కావలసిన బ్యాంకింగ్, సైబర్ జాగ్రత్తలు అంశాలు. ఫిబ్రవరి 26న మొదలై మార్చి 1న ముగిసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మొదలైంది కూడా మార్చి 1నే. హాల్ టికెట్లు చేతపట్టుకుని రాత్రింబవళ్ళు స్టడీ అవర్లలో కూర్చున్న పిల్లలకు సరిగ్గా ఆ వారమే పొదుపు గుర్తుచేయడంలో ఏదో దూరదృష్టి ఉండాలి. పిల్లల దగ్గర అప్పటికి పొదుపు చేయడానికి నిద్ర కూడా మిగల్లేదు.

వారోత్సవం జరిపే తీరు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. బడి వరండాకు ఫ్లెక్సీ కడతారు. బ్యాంకు నుంచి ఒక ఆఫీసరు వస్తారు. పొదుపు గొప్పతనం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, ‘ఎంతమందికి బ్యాంకు ఖాతా ఉంది?’ అని అడుగుతారు. చేతులు లేస్తాయి, ఫొటో తీస్తారు, అది పై ఆఫీసుకు వెళుతుంది. వెనక బెంచీ కుర్రవాడు లేచి ‘చదువు అప్పు ఇస్తారాండీ?’ అని అడిగితే, బ్రాంచికి వచ్చి కలవమంటారు. బ్రాంచిలో ఆ సీటు ఆయన సెలవులో ఉంటారు.

ఒక చిన్న విషయం ఇక్కడ చెప్పుకోవాలి. రాష్ట్రంలో డబ్బు లెక్కలు రెండేళ్ళపాటు పద్ధతిగా నేర్పే చదువు ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు సీఈసీ. కామర్సు, ఎకనామిక్సు, సివిక్సు. మార్కులు రానివాళ్ళు చేరే గ్రూపు అని ఊరంతా దాన్ని చిన్నచూపు చూస్తుంది. కొడుకును ఎంపీసీలో చేర్చడానికి అప్పు చేసిన ఇంట్లో, ఆ అప్పు లెక్క తేల్చగలవాడు సీఈసీ చదివిన పక్కింటి కుర్రాడే.

పాఠ్యక్రమంలో మొదటిది బడ్జెట్. దీనికి ప్రపంచమంతా వాడే సూత్రం 50-30-20. వచ్చే ఆదాయంలో సగం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకు. నెలకు 18,000 రూపాయలతో నడిచే ఇల్లు ఒకటి అనుకుని ఈ లెక్క వేస్తే అవసరాలకు 9,000, కోరికలకు 5,400, పొదుపుకు 3,600 వస్తాయి. ఇంటద్దె, బియ్యం, గ్యాసు, కరెంటు, నాయనమ్మ బీపీ మాత్రలు, ఎన్ఏడీ జంక్షన్ దాకా బస్సు చార్జీలు అన్నీ 9,000లో సర్దుకోవాలి. సర్దుకోకపోతే తప్పు సూత్రానిది కాదు, బియ్యానిది. ఇక మిగిలిన పని నెలనెలా 5,400 రూపాయల విలువైన కోరికలు వెతుక్కోవడం. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె కావాలన్నాడని పెద్దలు ఎవరినో వెక్కిరించారు. సంపెంగలకు పేరుపడ్డ సింహాచలంలో ఆ సామెత ఇప్పుడు పాఠ్యాంశం అయి కూర్చుంది.

ఈ సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికా సెనేటర్ ఎలిజబెత్ వారెన్, ఆమె కుమార్తె కలిసి 2005లో రాసిన పుస్తకం. దానికి రెండేళ్ళ ముందు అదే తల్లీకూతుళ్ళు మరో పుస్తకం రాశారు. మధ్యతరగతి కుటుంబాలు దివాలా తీస్తున్నది కాఫీలకూ చెప్పులకూ తగలేసి కాదని, ఇల్లు, చదువు, వైద్యం లాంటి తప్పించుకోలేని ఖర్చులవల్లనేనని అందులో లెక్కలతో చూపించారు. రెండో పుస్తకంలోని సూత్రం సముద్రాలు దాటి అభ్యాస పుస్తకాల్లోకి వచ్చింది. మొదటి పుస్తకం రాలేదు.

రెండో అధ్యాయం పొదుపు. ఇక్కడ పిల్లలకు చక్రవడ్డీ అనే అద్భుతాన్ని పరిచయం చేస్తారు, ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో అది అప్పటికే అయిపోయిందన్న సంగతి మరిచిపోయి. నెలకు 500 రూపాయల చొప్పున 30 ఏళ్ళు మ్యూచువల్ ఫండులో వేస్తే, ఏటా 12 శాతం పెరుగుదలతో 17 లక్షల 65 వేలు అవుతుందని తెర మీద చూపిస్తారు. క్లాసు చప్పట్లు కొడుతుంది. 12 శాతం వస్తుందని ఎవరు హామీ ఇచ్చారని అడిగే పిల్లవాడు ఆ రోజు బడికి రాడు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే, ఆ 17 లక్షల 65 వేలతో అప్పుడు కొనగలిగేది ఇవాళ్టి మూడు లక్షల సరుకేనన్న రెండో లెక్క స్లైడులో ఉండదు. ఫండు మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. సగం లెక్క నేర్పడాన్ని ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోరు.

బ్యాంకులో దాచిన సొమ్ము పెరుగుతుందన్న పాఠానికి కూడా ఒక అనుబంధం ఉంది. 2017 ఏప్రిల్ నుంచి నవంబరు వరకు ఎనిమిది నెలల్లో స్టేట్ బ్యాంకు, ఖాతాల్లో కనీస నిల్వ లేదని ఖాతాదారుల నుంచి 1,771 కోట్ల రూపాయలు వసూలు చేసింది. ఆ ఏడాది జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఆ బ్యాంకుకు వచ్చిన నికర లాభం కన్నా అది ఎక్కువ. బ్యాంకు తరవాత 2020లో ఆ జరిమానా ఎత్తేసింది. ఖాతాలో డబ్బు తక్కువ ఉందని ఉన్నది కూడా కోసుకోవడాన్ని ఏ అధ్యాయం కింద బోధించాలో తేలక కాబోలు, పుస్తకంలో దాని ఊసు లేదు.

వడ్డీ అధ్యాయానికి వస్తే, ఊరు మాట్లాడే లెక్క ఒకటి, పుస్తకం మాట్లాడే లెక్క ఇంకొకటి. పుస్తకం ఏడాదికి శాతాల్లో చెబుతుంది. ఊళ్ళో వడ్డీ నెలకు నూటికి రూపాయల్లో నడుస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. కొండ కిందనో రైతుబజారు పక్కనో చిన్న కొట్టు పెట్టుకున్నవాళ్ళ చుట్టూ తిరిగే రోజువారీ ఫైనాన్సు లెక్క ఇంకా సొగసైనది. పదివేలు రాసుకుని, వెయ్యి ముందే కోసుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి నూటికి పది వడ్డీలా ఉంటుంది. అసలు రోజురోజుకూ తగ్గుతోందని గుర్తుపెట్టుకుని లెక్క కడితే ఏడాదికి 75 శాతం దాటుతుంది. పదో తరగతి పిల్లవాడికి నిజంగా ఒక్కరోజు కూర్చోబెట్టి నేర్పదగిన లెక్క ఇది. వాళ్ళమ్మ ఫైనాన్సువాడి పచ్చ అట్ట పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు పక్కన కూర్చుని చెప్పగలుగుతాడు. ఏ వర్క్‌బుక్కూ ఆ పచ్చ అట్ట పుస్తకాన్ని బొమ్మగానైనా వేయలేదు.

కాలేజీ ఖర్చు అధ్యాయంలో పుస్తకం రెండు వాక్యాలు రాసి ఊరుకుంటుంది: ముందుగా ప్రణాళిక వేసుకోవాలి, ఫీజుల వివరాలు సేకరించి పోల్చి చూసుకోవాలి. ఈ అధ్యాయాన్ని ఇంటికి వచ్చి విపులంగా బోధించే ఉపాధ్యాయుడు వేరే ఉన్నాడు. ఆయన పేరు కాలేజీ పీఆర్వో. పదో తరగతి పరీక్షలకు ఇంకా నెలలు ఉండగానే, పిల్లవాడి పేరు, బడి, ఇంటి నంబరు, తండ్రి ఉద్యోగం రాసుకున్న కాగితంతో గుమ్మంలోకి వస్తాడు. ఆ కాగితం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే నవ్వుతాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, ర్యాంకుల ఫొటోలతో నిండిన కరపత్రం విప్పుతాడు. ‘మామూలుగా అయితే లక్షా నలభై అండీ. మీ బాబు మెరిట్ కాబట్టి మా డీన్‌తో మాట్లాడి లక్షా పదికి చేయించాను. ఈ ఆదివారం లోపు పదివేలు కట్టి సీటు రిజర్వు చేసుకుంటేనే.’ తల్లి వంటగదిలోంచి, ‘పుస్తకాలతో కలిపేనా బాబూ?’ అంటుంది. అన్నీ కలిపే తల్లీ అంటాడు. జూన్‌లో చేరాక మెటీరియల్, యూనిఫాం, పరీక్ష ఫీజు, బస్సు, హాస్టలైతే కాషన్ డిపాజిట్, లాండ్రీ ఒక్కొక్కటే బయటికి వస్తాయి. పదివేలకు ఇచ్చిన రశీదు సంతకం ఎవరిదో తెలియని ఒక చీటీ ముక్క.

సింహాద్రి అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్కసారి, వైశాఖ శుద్ధ తదియనాడు చందనం ఒలిచినప్పుడు, అందరికీ కనిపిస్తుంది. కాలేజీ ఫీజు నిజరూపం చూడటానికి మాత్రం కోర్సు పూర్తయ్యేదాకా ఆగాలి. ప్రభుత్వం ఒకసారి ఆ చందనం ఒలవబోయింది. 2021 ఆగస్టులో ప్రైవేటు జూనియర్ కాలేజీల ఫీజులు ఖరారు చేస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. విశాఖ లాంటి నగరపాలక సంస్థల పరిధిలో ఎంపీసీ, బైపీసీలకు ఏడాదికి 20,000 రూపాయలు. ఆ అంకె విని పీఆర్వోలు కూడా నవ్వుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వులు చెల్లవని కొట్టేసింది. ఫీజులను పోల్చి చూసుకోమని పిల్లవాడికి చెప్పే పుస్తకం, పోల్చడానికి అంకెలు ఏ గోడ మీద రాసి ఉంటాయో చెప్పదు.

ఫీజు తరవాత అప్పు. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం నాలుగు లక్షల వరకు చదువు అప్పుకు హామీ అక్కర్లేదు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకంలో తాకట్టు లేకుండా ఇస్తారు, కానీ అది ప్రభుత్వ జాబితాలోని (మొదట్లో 860) మేటి సంస్థల్లో సీటు వచ్చినవాళ్ళకు. ఆ జాబితాలో లేని కాలేజీల పిల్లలకు పాత దారే. తాకట్టు అంటే ఏమిటో పుస్తకం చక్కగా నిర్వచిస్తుంది: అప్పుకు భద్రతగా చూపే ఆస్తి. ఉదాహరణకు, సొంత ఇల్లు.

ఈ ఉదాహరణ దగ్గరే సింహాచలం పిల్లవాడికి పాఠం అడ్డం తిరుగుతుంది. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. పంచగ్రామాలుగా పేరుపడ్డ ఈ ఊళ్ళలో వేల ఇళ్ళు దేవస్థానం భూముల వివాదంలో దశాబ్దాలుగా చిక్కుకుని ఉన్నాయి. ఇల్లుంది, గోడలున్నాయి, పైన శ్లాబుంది, కరెంటు మీటరుంది, ఇంటిపన్ను రశీదుంది. రిజిస్ట్రేషన్ లేదు. అమ్మడానికి లేదు, ప్లాను తెచ్చుకుని పై అంతస్తు వేయడానికి లేదు, బ్యాంకులో పెట్టడానికి అసలే లేదు. ప్రతి ఎన్నికలోనూ ప్రతి పార్టీ దీన్ని పరిష్కరిస్తానంటుంది, అప్పన్న సాక్షిగా. తాత కట్టిన ఇంట్లో పడుకుని ఆస్తుల పాఠం చదివే పిల్లవాడు తన ఇంటిని ఏ గడిలో రాయాలి? ఆస్తి గడిలో రాస్తే బ్యాంకు ఒప్పుకోదు. అప్పు గడిలో రాయడానికి అది ఎవరికీ బాకీ కాదు. ‘మరి మా ఇల్లు ఎవుల్దండీ?’ అన్న ప్రశ్నకు ప్రభుత్వాలు, కోర్టులు, దేవాదాయ శాఖ కలిసి ఇంతకాలంలో చెప్పలేని జవాబును వారోత్సవానికి వచ్చిన బ్యాంకు ఆఫీసరు నుంచి ఆశించడం అన్యాయం.

కాస్త దక్షిణంగా గాజువాక, కూర్మన్నపాలెం వైపు వెళితే మరో రకం ఆస్తి కనిపిస్తుంది. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసితులకు ఆర్-కార్డులు ఇచ్చారు. ఉద్యోగం వస్తుందన్న హామీకి అది గుర్తు. అందరికీ ఉద్యోగాలు రాలేదు. కొన్ని కార్డులు తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చాయి. ఆ కార్డు షేరా, బాండా, లాటరీ టికెట్టా అన్నది ఏ అభ్యాస పుస్తకమూ తేల్చలేదు. ఉద్యోగం వచ్చినవాళ్ళ పరిస్థితి కూడా పాఠానికి పనికివచ్చేదే. ఆరు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి ఉంచుకోవాలని పుస్తకం అంటుంది. 2024లో ఆ కర్మాగారంలో జీతాలు ఆలస్యమై, విడతల్లో వచ్చాయి. అత్యవసర నిధి కార్మికుడు ఉంచుకోవాలి సరే. నిధులు ఉంచుకోవలసిన కర్మాగారానికీ, దాన్ని అమ్మడానికి 2021 జనవరిలో నిర్ణయం తీసుకున్న కేంద్ర ప్రభుత్వానికీ ఎవరు వారోత్సవం జరపాలి?

బ్యాంకింగ్ ప్రాథమికాల అధ్యాయంలో చెక్కు రాయడం నేర్పుతారు. తేదీ, పేరు, అంకెల్లో మొత్తం, అక్షరాల్లో మొత్తం, సంతకం. ఈ కళలో సింహాచలానికి ఒక రికార్డు ఉంది. 2023 ఆగస్టులో దేవస్థానం హుండీ తెరిస్తే 100 కోట్ల రూపాయల చెక్కు బయటపడింది. అధికారులు వాకబు చేస్తే ఆ ఖాతాలో 17 రూపాయలు ఉన్నట్టు తేలింది. కానుకగా వేసిన చెక్కు చెల్లకపోతే కేసు పెట్టడం కూడా కష్టమే. చట్టప్రకారం తీర్చవలసిన బాకీకి ఇచ్చిన చెక్కుకే చెక్కుల చట్టంలోని 138వ సెక్షన్ వర్తిస్తుంది, మొక్కుకు కాదు. దేశమంతా నవ్వుకుంది. నవ్వవలసిన పని అంతగా లేదు. ఖాతాలో లేని డబ్బుకు చెక్కు రాయడం భక్తుడు చేస్తే వార్త అవుతుంది, ప్రభుత్వం చేస్తే ఫీజు రీయింబర్స్‌మెంటు అవుతుంది.

2008లో మొదలైన ఆ పథకం వేలమంది ఇళ్ళలో మొదటి ఇంజనీరును తయారుచేసింది. అందులో సందేహం లేదు. పేర్లు మారాయి, దారులు మారాయి. ఒక ప్రభుత్వం డబ్బు తల్లి ఖాతాలో వేసి, ఆమె చేత కాలేజీకి కట్టించింది. తరవాతి ప్రభుత్వం నేరుగా కాలేజీకే వేస్తానంది. దారి ఏదైనా బకాయిలు మాత్రం తప్పలేదు. ప్రభుత్వం నుంచి రాని డబ్బుకు కాలేజీ పిల్లవాణ్ణి పట్టుకుంటుంది. సర్టిఫికెట్లు ఆపుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా టీసీ, మార్కుల మెమోలకు మించిన తాకట్టు దేశంలో ఇంకోటి లేదు. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పంచగ్రామాల పిల్లవాడికి కూడా ఈ ఒక్క తాకట్టూ చెల్లుతుంది. పైగా అప్పు తనది కాదు. ఎవరో కట్టవలసిన బాకీకి తన వస్తువు తాకట్టులో ఉండటాన్ని ఏమంటారో పుస్తకంలో వెతికితే దొరకదు.

బీమా అధ్యాయం చిన్నది. ఏజెంటు చెప్పినదంతా నమ్మవద్దు, పత్రం పూర్తిగా చదవండి అంటుంది. పత్రం అచ్చేసినవాళ్ళు చదవడానికి వీలైన అక్షరాల్లో వేయాలని ఎక్కడా అనదు.

పెట్టుబడుల పాఠం ‘తెలియనివాళ్ళను నమ్మి డబ్బు పెట్టవద్దు’ అన్న హెచ్చరికతో మొదలవుతుంది. అగ్రిగోల్డ్ వ్యవహారం చూసినవాళ్ళకు ఈ వాక్యం మీద నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ సుమారు 32 లక్షల మంది దగ్గర ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసి చేతులెత్తేసింది. అందులో డబ్బు కట్టించింది తెలియనివాళ్ళు కాదు. మేనమామ, పిన్నిగారి అల్లుడు, పక్కింటి మాస్టారు, చర్చిలో పాట పాడే ఆవిడ. ఏజెంట్లందరూ చుట్టాలే. వాళ్ళూ మునిగారు. సంస్థ ఏళ్ళ తరబడి ఊరూరా బోర్డులు పెట్టి బహిరంగంగా వసూళ్ళు చేస్తుంటే చూస్తూ ఊరుకున్నది, ఇప్పుడు పిల్లలకు అప్రమత్తత నేర్పుతున్న వ్యవస్థే. చివరికి 2019లో 10,000 లోపు, 2021లో 20,000 లోపు డిపాజిట్లు ఉన్నవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లించింది.

చదువుకున్నవాళ్ళు ఇలా మోసపోరన్న భ్రమ ఉంటే దానికి సెబీ మందు ఇచ్చింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆడేవాళ్ళలో 30 ఏళ్ళ లోపువాళ్ళ వాటా ఒక్క ఏడాదిలో 31 నుంచి 43 శాతానికి ఎగబాకింది. వీళ్ళు స్మార్ట్‌ఫోన్, డీమ్యాట్ ఖాతా, యాప్ అన్నీ తెలిసినవాళ్ళు. అక్షరాస్యత వీళ్ళలో లోపించలేదు. కాస్త ఎక్కువైంది.

సైబర్ జాగ్రత్తల అధ్యాయం ఓటీపీతో మొదలై ఓటీపీతో ముగుస్తుంది. ఫోన్ చేసినవాడు మోసగాడు, ఎత్తినవాడు అమాయకుడు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఈ బొమ్మను తలకిందులు చేసింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఏజెంట్లు డబ్బు కట్టించుకుని ఈ ప్రాంతపు యువకులను అక్కడికి పంపారు. అక్కడ వాళ్ళను నిర్బంధించి, భారతీయులకే వల వేసే సైబర్ మోసాలు చేయించారు. ఫోన్‌కు ఆ చివరన ఉన్నవాడు కూడా ఇక్కడ బడిలో చదివి, ఉద్యోగం లేక, అప్పు చేసి విమానం ఎక్కినవాడే. ఓటీపీ చెప్పవద్దన్న పాఠం వాళ్ళలో కొందరు విని ఉండవచ్చు. చదివిన చదువుకు ఇక్కడ ఉద్యోగం ఎందుకు లేదన్న పాఠం ఎవరూ చెప్పలేదు.

ఇంత బోధన వల్ల ఫలితం ఎంత అన్నది చివరి అంశం. మన దగ్గర దీన్ని బహుళైచ్ఛిక ప్రశ్నలతో కొలుస్తారు. పొదుపు అవసరమా? ఎ) అవును, బి) కాదు. మిగతా ప్రపంచం మరోలా కొలిచింది. 2014లో మేనేజ్‌మెంట్ సైన్స్ పత్రికలో ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. డబ్బు విషయంలో మనుషుల నడవడిలో ఉండే తేడాల్లో ఈ చదువుకు ఆపాదించగలిగినది 0.1 శాతం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళలో అది ఇంకా తక్కువ. ఎన్ని గంటలు చెప్పినా, 20 నెలలు గడిచాక ప్రభావం దాదాపు కనిపించదు. తరవాతి అధ్యయనాలు కొన్ని ఇంతకన్నా మెరుగైన ఫలితాలు చూపాయి, అది కూడా చెప్పుకోవాలి. అవసరం వచ్చిన సమయంలో, ఆ అవసరానికి సంబంధించిన లెక్క చెబితే కొంత నిలుస్తుందన్నది ఒప్పుకోదగ్గ మాటే. పచ్చ అట్ట పుస్తకం దగ్గరా, పీఆర్వో కుర్చీ దగ్గరా చెప్పే పాఠం అలాంటిది.

అలాంటి పాఠం చెప్పగలవాళ్ళు ఈ ఊళ్ళలో కరువు కాదు. డ్వాక్రా సంఘం మీటింగుకు వెళ్ళే తల్లులు పొదుపు పుస్తకం, అప్పుల లెడ్జరు, తీర్మానాల పుస్తకం దశాబ్దాలుగా రాస్తున్నారు, రాయించుకుంటున్నారు. చీటీ ఏ నెలలో పాడితే ఎంత పోతుందో, పుస్తెలతాడు తాకట్టు పెడితే బ్యాంకులో ఎంత, మార్వాడీ కొట్టులో ఎంత పడుతుందో కాగితం లేకుండా చెబుతారు. తిరిగి కట్టడంలో వాళ్ళ రికార్డును బ్యాంకులే మెచ్చుకుంటాయి. వీళ్ళను 73 శాతంలో పడేసి, వీళ్ళ పిల్లలకు కోరికల కింద 30 శాతం ఎలా ఖర్చు పెట్టాలో నేర్పడం హాస్యం కాకపోతే మరేమిటి? లెక్క రానిది ఇంట్లోవాళ్ళకు కాదు. లెక్క చూపనిది కాలేజీలు, లెక్క తప్పింది ప్రభుత్వాలు. వారోత్సవం అంటూ జరపాలనుకుంటే ముందు వాళ్ళకే జరపాలి, హాజరు పట్టీతో సహా.

అది జరిగేలోపు పదో తరగతి పిల్లలున్న ఇళ్ళవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. ఈ ఏడాది పీఆర్వో గుమ్మంలోకి వచ్చినప్పుడు రెండేళ్ళకూ అయ్యే మొత్తం ఖర్చు, పుస్తకాలు, బస్సు, డిపాజిట్లతో సహా, కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇమ్మని అడగండి. ఇవ్వనంటే పదివేలు కట్టకండి.